నూనెగుడ్డలకు అంచు

"ఇంజను నూనె తుడిచే గుడ్డకి అంచు కుట్టే పెళ్లాన్ని నేను యాడా చూళ్లా" అన్నాడు పెంచల్, గడపలో గొంతుక్కూర్చుని ఫిల్టరు కడుగుతూ.

రోజా తలెత్తకుండానే నవ్వుకుంది. ఒళ్లో కాలేజీనాటి వోణీ ముక్కలు ఉన్నాయి. లేత పసుపు రంగు, ఉతికి ఉతికి మెత్తబడింది. పాత గుడ్డలేమన్నా ఉంటే ఇమ్మని మొగుడు అడిగితే, మాసిన లుంగీ చింపి ఇవ్వడానికి మనసొప్పక ఈ వోణీనే ఎనిమిది ముక్కలు చేసింది. కత్తిరించిన చోట పోగులు ఊడొస్తుంటే చూడబుద్ధి కాలేదు. పెట్టెలో ఆకుపచ్చ దారం ఉంది. ఆమెది ఎడమచేతి వాటం. కుట్లన్నీ అందరి కుట్లకూ ఎదురు దిక్కుకు వాలి, గాలికి ఒరిగిన వరినారులా కనపడతాయి. చిన్నప్పుడు కుట్టు టీచరు దానికే మొట్టికాయలు వేసేది. ఇప్పుడు ఎవరూ మొట్టరు. తన ఇల్లు, తన దారం.

"దారం దండగ" అంది అత్త అంకాలమ్మ, ఎండుచేపలు తిరగేస్తూ. "మూడో నెల కదా, మోజు అట్టనే ఉంటది. ఏడాది తిరిగినాక ఆ గుడ్డే వాడి మొకాన కొడతావులే."

"ముందు అంచు కుట్టే కొడతాను అత్తా, గీరుకోకుండా ఉంటుంది."

పెంచల్ పకపకా నవ్వి, నూనె చేత్తోనే ఆమె ముక్కు మీద చుక్క పెట్టి పోయాడు. ఆ చుక్కను ఆమె మధ్యాహ్నం దాకా తుడుచుకోలేదు.

అవి వేట నిషేధం రోజులు. రెండు నెలలు సముద్రంలోకి మోటారు పడవలు పోకూడదు. పాళెంలో పడవలన్నీ ఇసకలోకి ఈడ్చి పెట్టారు. మొగవాళ్లకు పనిలేక దిగులు, వల అల్లుతూ దిగులు, పేకాడుతూ దిగులు. రోజాకు మాత్రం ఆ నిషేధం ఎవరో తన పెళ్లికి చదివించిన కానుకలా తోచింది. వెంకటాచలంలో హైవే పక్క ఇంట్లో, లారీల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన పిల్ల. ఇక్కడ నిద్ర లేస్తే అలల చప్పుడు, పక్కన మొగుడి ఊపిరి. ఈ రెంటిలో ఏది ఏదో కాసేపు తెలిసేది కాదు. పొద్దున్నే చీపురు పట్టి ఇంట్లో ఇసకంతా బయటి ఇసకలోకి ఊడ్చేది. సాయంత్రానికి అది మళ్లీ వచ్చేది. ఇసకను ఇసకలోకి ఊడ్చడానికి బీఏ ఎందుకు చదివానా అని తనలో తనే నవ్వుకునేది. తమ ఇద్దరి పేర్లూ చెక్కిన స్టీలు గిన్నెలను తోమి బోర్లించి, నీళ్లు కారే ఆ అక్షరాలను చూస్తూ నిలబడేది. తోమేది, వండేది, ఉతికేది తనే. ఆ సంగతి అప్పటికింకా లెక్కలోకి రాలేదు. ప్రేమలో ఉన్నప్పుడు చాకిరీ కూడా ఆటలాగే ఉంటుంది.

ఆమెకు ఇంకో పని కూడా ఉంది. నెల్లూరు కాలేజీలో తనతో చదివిన షాహిస్తా, ప్రపంచ చరిత్రను తెలుగులో వినిపించే ఒక చానల్ నడుపుతోంది. ఇంగ్లీషులో ఉన్నది తెలుగు చేసి, చదివి, రికార్డు చేసి పంపడం రోజా పని. పాళెంలో ఎక్కడ కూర్చున్నా సముద్రం వినపడుతుంది. అందుకని బీరువా తలుపులు తెరిచి, పెళ్లి చీరల మధ్య తల దూర్చి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని చదివేది. కలరా ఉండల వాసన, పట్టు చల్లదనం, తన గొంతే తనకు ఎవరిదో అన్నట్టు.

"మా కోడలు బీరువాతో మాట్లాడే ఉద్యోగం చేస్తా ఉంది" అని అంకాలమ్మ ఇరుగుపొరుగుకు చెప్పేది. పెంచల్ కూడా స్నేహితుల ముందు "మా దొరసాని బీరువాలో ఉంది, తర్వాత రాండి" అనేవాడు. రోజా మొదట్లో నవ్వింది. తర్వాత కూడా నవ్వింది గానీ, తలుపు చప్పుడు కాకుండా వేసుకోవడం అలవాటు చేసుకుంది.

ఈసారి షాహిస్తా పంపిన అంశం అమెరికాలో కు క్లక్స్ క్లాన్ చరిత్ర. మొదటి భాగం పూర్తయిన రోజు రోజా ఆపుకోలేకపోయింది. మధ్యాహ్నం ఒడ్డుకు ఈడ్చిన పడవ నీడలో పెంచల్ తలను ఒళ్లో పెట్టుకుని ఫోన్లో తన గొంతును తనే వినిపించింది.

"టెన్నెస్సీలో పులాస్కి అని చిన్న ఊరు. పద్దెనిమిదివందల అరవై ఐదు ఆఖర్లో, అంతర్యుద్ధంలో ఓడిపోయి ఇళ్లకు తిరిగొచ్చిన ఆరుగురు కుర్రాళ్లు ఊసుపోక ఒక సంఘం పెట్టుకున్నారు. దుప్పట్లు కప్పుకుని, తలగడ గలీబులు ముఖాలకు తొడుక్కుని, గుర్రాలెక్కి ఊరంతా తిరిగారు..."

"తలగడ గలీబా?" పెంచల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "మావోళ్లే నయం. పేకాడుకుంటుండారు."

"విను బావా."

"వింటుండా. జనం జడుసుకున్నారా?"

"జడుసుకున్నారనే వాళ్లు చెప్పుకున్నారు. యుద్ధంలో చచ్చిన సైనికులు లేచి వచ్చారనుకున్నారట."

"ముసుగేస్తే చాలు, మనిషి రెండింతలవుతాడు" అన్నాడు అతను కళ్లు మూసుకుంటూ. ఫోన్లో రోజా గొంతు ఇంకా చెబుతూనే ఉంది. ఆ ఆట ఎలా కొరడా పట్టిందో, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లు ఓటు వేస్తే, బడి పెట్టుకుంటే, సొంతంగా సాగు చేసుకుంటే ఇళ్లలోంచి ఎలా ఈడ్చుకొచ్చి కొట్టారో, బడుల్ని ఎలా తగలబెట్టారో, ఎందర్ని చంపారో. అప్పటికే పెంచల్ నిద్రపోయాడు. అతని కనుబొమల్లో ఉప్పు మెరుస్తోంది. లేపబుద్ధి కాలేదు. ఫోను కట్టేసి, ఒక్కొక్క ఉప్పు రవ్వనూ చిటికెన వేలితో తీస్తూ కూర్చుంది. అంత సుఖంగా ఎప్పుడూ లేదు.

సముద్రం మూసుకుపోతే ఉప్పుటేరు మీద అందరి కళ్లూ పడ్డాయి. ఏటి మొగలో మడచెట్ల కింద బొరియల్లో చెయ్యి పెట్టి పీతలు పట్టడం అవతలి కాలనీలో ఉండే యానాదుల పని. ఆ ఏటి కాలనీలో అందరికన్నా నేర్పరి చెంచురామయ్య. అతని భార్య కామమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి పీతలు అమ్మేది. రోజా కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే, పీత డెక్కలు తాటినారతో ఎలా కట్టాలో ఓపిగ్గా నేర్పింది ఆమే. ఆ నెలలో పాళెం పెద్దలు కూర్చుని దురాయి వేశారు. నిషేధం అయ్యేదాకా ఏరు పాళెం వాళ్లదే, బయటివాళ్లు దిగకూడదని కట్టడి. యానాదులను ఎవరూ అడగలేదు. ఏరు తమకు తాతల నాటి నుంచీ అన్నం పెడుతోందని చెంచురామయ్య దిగుతూనే ఉన్నాడు.

"నీ గుడ్డలు మావోళ్లకి కూడా ఇచ్చినా" అన్నాడు పెంచల్ ఒక సాయంత్రం. "బాగుండాయన్నారు." రోజా పొంగిపోయింది. ఇంకో నాలుగు కుట్టి ఇస్తానంది.

తర్వాత రెండో రోజు తెల్లవారేసరికి పక్క ఖాళీగా ఉంది. ఎండ పొడిచాక పెంచల్ వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. చొక్కా ముందు భాగాన ఎర్రటి చారిక.

"ఏంటది బావా?"

"పీత గీరింది." నవ్వాడు, ఆమె వైపు చూడకుండా. చొక్కా విప్పి పడేసి నూతి దగ్గరికి పోయాడు.

రోజా వంగే లోపల అంకాలమ్మ చొక్కా అందుకుంది. కోడలు వచ్చాక ఆ ఇంట్లో ఆమె ఒక్క గుడ్డ కూడా ఉతకలేదు. ఇప్పుడు బకెట్లో చన్నీళ్లు పోసి, గుప్పెడు ఉప్పు వేసి ముంచింది.

"వేన్నీళ్లు పెట్టేదా అత్తా?"

"వద్దు. నెత్తురు మరకకి వేన్నీళ్లు పోస్తే పట్టుకుంటది. చన్నీళ్లే. నానబెట్టి మెల్లిగా రుద్దాల." నేర్పుతున్నట్టుగా అంది, పప్పులో ఎంత ఉప్పు వెయ్యాలో చెప్పినంత మామూలుగా. "ఇవన్నీ తెలుసుకోవాలమ్మే."

నెత్తురు అని రోజా అనలేదు. అంకాలమ్మే అంది.

పది గంటలప్పుడు కామమ్మ వచ్చింది. నెత్తిన తట్ట లేదు. ఆమె వీధి మొదటి ఇంటి నుంచి ఒక్కో ఇంటి ముందూ ఆగుతూ వస్తోంది. ఆమె దాటి వచ్చిన ఇళ్ల ఆడవాళ్లు గడపల్లో నిలబడి గుసగుసలాడుకుంటున్నారు. తెల్లవారుజామున ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఆరేడుగురు ఏట్లో చెంచురామయ్యను చుట్టుముట్టారట. తెడ్లతో కొట్టారట. కుడి చెయ్యి రెండు చోట్ల విరిగిందట. నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోయారట. పోలీసులు వచ్చి, గుర్తు తెలియని వ్యక్తులని రాసుకుని పోయారట.

కామమ్మ వాకిట్లోకి వచ్చి చేతిలోది విప్పి చూపించింది. "పెనుగులాటలో ఆయన ఒకడి మొకం మీంచి లాగినాడు. ఎవురి కుట్టమ్మా ఇది?"

లేత పసుపు గుడ్డ. చుట్టూ ఆకుపచ్చ దారం. కుట్లన్నీ ఎదురు దిక్కుకు వాలి ఉన్నాయి.

అంకాలమ్మ చూసింది. "మాకు తెలవదు."

"కొత్త కోడల్ని చూడమను."

"అది నిన్న గాక మొన్న వచ్చిన పిల్ల. దానికేం తెలుసు."

రోజా చేతిలో గరిటె ఉంది. గరిటె నుంచి దోసెపిండి కాలి మీద చుక్కలుగా పడుతోంది, చల్లగా. కామమ్మ ఆమె వైపే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. పీత డెక్క కట్టేటప్పుడు, నేర్చుకున్నావా లేదా అని చూసినట్టు చూసింది. రోజా వంగి కాలి మీది పిండి తుడుచుకుంది. కామమ్మ గుడ్డను అంచులు కలిపి నాలుగు మడతలు వేసి, బొడ్లో దోపుకుని పక్కింటికి పోయింది. అంత జాగ్రత్తగా మడవకుండా విసిరేసి పోయి ఉంటే రోజాకు ఇంకొంచెం తేలికగా ఉండేది.

మధ్యాహ్నం రెండో భాగం చదవాలి. అలవాటు కొద్దీ బీరువా తెరిచి చీరల మధ్య తల పెట్టింది. పద్దెనిమిదివందల డెబ్బై ఒకటిలో అమెరికా పార్లమెంటు విచారణ జరిపింది. దెబ్బలు తిన్న నల్లవాళ్లు, ఆడా మగా, వచ్చి ప్రమాణం చేసి చెప్పారు. ముసుగులు చూసి జడుసుకోలేదు వాళ్లు. దయ్యాల కథ కొట్టినవాళ్లు అల్లుకున్నది. గొంతును బట్టి, నడకను బట్టి, గుర్రాన్ని బట్టి ఎవరు ఎవరో గుర్తుపట్టారు. నిన్నటిదాకా పక్క పొలంలో పలకరించిన వాడే కదా. చదువుతుంటే రోజా గొంతు చీరల్లోకి ఇంకిపోతోంది. ఆ ముసుగుల్ని ఎవరు కుట్టారు? తెల్లారి బురదతో, నెత్తురుతో వచ్చిన దుప్పట్లను ఎవరు ఉతికారు? టెన్నెస్సీలో కూడా ఏ అత్తో కోడలికి చన్నీళ్లు అని చెప్పే ఉంటుంది. ఆ కోడలు కూడా కొత్తదే అయ్యుంటుంది. మొగుడి కనుబొమల మీద ఏవో మెరుస్తుంటే తీస్తూ కూర్చునే ఉంటుంది. కళ్ల ముందు పట్టుచీరలన్నీ తెల్లబడి, వరసగా వేలాడుతున్న అంగీల్లా కదిలాయి. ఆమె తల బయటికి తీసి షాహిస్తాకు ఫోను చేసింది.

"వాళ్ల పెళ్లాలను ఎవరైనా అడిగారా?"

"ఎవరి పెళ్లాలను?"

"ముసుగులు వేసుకున్న వాళ్ల పెళ్లాలను. విచారణలో."

"నేను చదివిన దాంట్లో నాకు తగల్లేదే. తర్వాత పందొమ్మిది వందల ఇరవైల్లో ఆడవాళ్లకే వేరే శాఖ ఉండేది. అంగీలు వేసుకుని ఊరేగారు, వనభోజనాలు పెట్టారు, పిల్లల్ని ఎత్తుకుని మరీ తిరిగారు. అది నాలుగో భాగంలో వస్తుంది. అడగడం మాత్రం... ఎందుకే? గొంతు అట్లా ఉందేంటి?"

"సముద్రం వినపడుతోందా?"

"లేదు. నువ్వే వినపడుతున్నావు."

పెంచల్ పడవ నీడలో ఒక్కడే ఉన్నాడు. ఆమె పక్కన కూర్చుంది. గాలి చల్లగా, ఎండ మెత్తగా ఉంది. ఆ రోజు కూడా సముద్రం ఎంత అందంగా ఉందంటే ఆమెకు దాని మీద కోపం వచ్చింది.

"ఏట్లోకి పోయింది నువ్వేనా బావా?"

అతను ఇసకలో వేలితో గీతలు గీశాడు. "బెదిరించడానికే పోయినాం. వాడు గునపం ఎత్తినాడు. దురాయి పెద్దోళ్లు వేసింది, మేం వేసింది కాదు."

"ముఖాలకు గుడ్డలు?"

"నువ్వు చెప్పిన కథే కదా. ముసుగేసుకుంటే జనం జడుసుకుంటారని. నేనే మావోళ్లకి చెప్పినా." అతని గొంతులో ఇంకా కొంచెం గర్వం మిగిలి ఉంది, భార్య మాట విన్న మొగుడి గర్వం. "మా దొరసాని చదివింది అని కూడా చెప్పినా."

రోజాకు కూర్చున్న చోట ఇసక జారిపోయినట్టయింది. తన గొంతు, తన వోణీ, తన దారం, మొదటి సగం విని నిద్రపోయిన మనిషి. లేపి ఉంటే మిగతాది వినేవాడా? విన్నా పోయేవాడేమో. అది ఇక ఎప్పటికీ తెలియదు.

"ఆయన చెయ్యి విరిగింది. కుడి చెయ్యి. ఆ చేత్తోనే కదా బొరియల్లో..."

"నేను కొట్టలా. నేను పట్టుకున్నా, అంతే."

పట్టుకోవడం చిన్న పనైనట్టు చెప్పాడు. పొద్దున నుంచి ఏడవని రోజా కళ్లల్లో అప్పుడు నీళ్లు తిరిగాయి. అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. పెళ్లిలో పట్టుకున్న చెయ్యే, అదే వెచ్చదనం. వదలబుద్ధి కాలేదు.

"రేపు పొద్దున స్టేషనుకు పోదాం. ఇద్దరం. నువ్వే చెప్పు."

"పిచ్చా నీకు? లోపలేస్తారు. మనకి పెళ్లయి మూడు నెలలు." అతను నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపాడు. "నువ్వు నా పెళ్లానివి రోజా. ఇంట్లో సంగతి."

"ఏట్లో సంగతి బావా."



మర్నాడు పొద్దున ఆమె ఇల్లు ఊడ్వలేదు. స్నానం చేసి, మామూలు నేతచీర కట్టుకుంది. పెంచల్ పడవ దగ్గర స్నేహితుల మధ్య కూర్చుని ఉన్నాడు. రమ్మని కళ్లతోనే అడిగింది. అతను వల ముడి విప్పుతున్నట్టు తల వంచుకున్నాడు. ఆరిన చొక్కా దండెం మీద ఊగుతోంది, తెల్లగా, ఏమీ జరగనట్టు. అంకాలమ్మ దాన్ని తీసి మడత పెడుతూ కోడల్ని ఎగాదిగా చూసింది. ఎక్కడికని అడగలేదు.

"నేనూ ఉతికినా ఇట్టాంటివి" అంది, చొక్కా చేతులు లోపలికి మడుస్తూ. "మీ మామవి. రెండు మూడు తూర్లు. నన్నెవురూ అడగలా. అడిగుంటే ఏం చెప్పుందునో ఏమో." మడత మీద అరచెయ్యి పెట్టి సాపు చేసింది. "వాడు నా కొడుకు. నువ్వు పోతే నేను నిన్ను తిట్టాల్సి వస్తది. తిడతా. అది మాత్రం గుర్తు పెట్టుకో."

"సరే అత్తా" అంది రోజా. ఆ మాటకు వాళ్లిద్దరికీ నవ్వులాంటిది ఏదో వచ్చి, ఆగిపోయింది.

ఏటి కాలనీలో కామమ్మ ఆస్పత్రికి పోవడానికి సంచి సర్దుకుంటోంది. రోజా చెప్పదలచుకున్నది దారి పొడుగునా సిద్ధం చేసుకుంది. తీరా ఎదురుపడ్డాక ఒక్క ముక్కే వచ్చింది.

"ఆ కుట్టు నాది అక్కా."

కామమ్మ సంచి మూతి బిగించింది. "తెలుసులే. నీ మొకం చూసినప్పుడే తెలిసింది. వాళ్లు ఎవురో కూడా తెలుసు. గుడ్డ కట్టుకుంటే గొంతు మారతదా? రోజూ పీతలు బేరమాడే గొంతులు. ఆయన ఆస్పత్రిలో పేర్లు పేర్లుగా చెప్పినాడు. మేం చెబితే పోలీసోళ్లు రాసుకోలా."

"మరి ఇంటింటికీ ఎందుకు తిరిగావు?"

"ఎవురో ఒకరు అవునంటారేమోనని." ఆమె సంచి భుజాన వేసుకుంది. "పద, ముందు స్టేషనుకే పోదాం. బస్సు వస్తది."

బస్సులో కిటికీ పక్క సీటు రోజాకే ఇచ్చింది. రొయ్యల చెరువులు ఒకదాని వెనక ఒకటి వెండి పళ్లాల్లా వెనక్కి పోతున్నాయి. ఇంత సంతోషం నాది అనుకుంది రోజా, ఎండను, చెరువులను, తన ఒంటి మీద ఇంకా మిగిలి ఉన్న మొగుడి సబ్బు వాసనను తలుచుకుంటూ. దాంట్లో ఎంత మిగులుతుందో తెలియదు. భయంగానే ఉంది. అయినా బస్సు దిగి వెనక్కి పోవాలనిపించలేదు.

స్టేషన్లో ఫిర్యాదులు రాసుకునే రైటరు రోజాకు కూర్చోమని కుర్చీ చూపించాడు, కామమ్మకు చూపించలేదు. రోజా నిలబడే చెప్పింది. గుడ్డలు తన వోణీవని, తానే కుట్టానని, ఎడమచేత్తో కుట్టి కూడా చూపిస్తానని, ఆ పొద్దున ఎవరు బురదతో తిరిగొచ్చారో చూశానని, చొక్కా ఏ నీళ్లల్లో నానిందో తెలుసని, చెంచురామయ్యను పట్టుకున్నది తనేనని ఆ మనిషే తనతో చెప్పాడని. రైటరు పెన్ను పక్కన పెట్టి ఆమె మెడలో పసుపు ఆరని తాళి వైపు చూశాడు.

"ఆలోచించుకో అమ్మా. ఆ మనిషి నీకేమవుతాడు?"

"మా ఆయన" అంది రోజా. "రాసుకోండి సార్. ఇంటిపేరుతో సహా చెబుతాను. ఇప్పుడది నా ఇంటిపేరు కూడా."